చిట్లే అద్దమే కావాలన్నాను

మా ఇంటికొచ్చిన వాళ్లందరూ ముందు చేపల గురించే అడుగుతారు. వాటి పేరేంటి, ఎంత పెట్టి కొన్నారు, ఏం తింటాయి, ఊరెళ్తే ఎలా అని. పిల్లలైతే తొట్టికి ముక్కులు ఆనించి నిలబడిపోతారు. ఇంతవరకూ ఒక్కరు కూడా ఆ అద్దం సంగతి అడగలేదు. మా ఇంట్లో నాలుగు నెలలు చర్చంతా ఆ అద్దం మీదే నడిచిందనీ, చేపల్ని కొన్నది మాత్రం ఒక్క పూటలోనేననీ చెబితే నవ్వుతారు. అందుకే రాస్తున్నాను. పెద్ద తొట్టి పెట్టుకుందామనే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే పనికొస్తుంది. లేకపోయినా, గ్లాస్ టాప్ స్టవ్ ఉన్న ఇల్లాళ్లకి ఇందులో ఒక ముక్క ఉంది.

తొట్టి మామయ్యగారి కోసం. పోయినేడు ఎండాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మెదడు కుడివైపు దెబ్బ, అందుకని ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పట్టు తప్పాయి. మాట పోలేదు, అదే మా అదృష్టం. ఇంటికి తీసుకొచ్చాక మాత్రం ఒక వింత గమనించాం. కంచంలో కుడిపక్కనున్నదంతా తినేవారు, ఎడమపక్కన వేసిన కూర వేసినట్టే ఉండేది. "నీ దొండకాయ వేపుడు ఆయనకి ఎక్కడం లేదే అమ్మాయ్" అని అత్తయ్యగారు నాకు వినపడేలా అనేవారు. కంచం అటుదిటు తిప్పి పెడితే అదే వేపుడు శుభ్రంగా తినేవారు. ఎడమవైపు నుంచి ఎవరు పలకరించినా కుడివైపు వెతుక్కునేవారు. కళ్లలో లోపం లేదు, శుక్లాల ఆపరేషన్ కూడా ఏనాడో అయింది. ఫిజియోథెరపీకి వచ్చే అమ్మాయి విడమరిచి చెప్పింది. చూపు పోలేదట, ఎడమ అనే పక్క ఒకటుందని మెదడు పట్టించుకోవడం మానేసిందట. అటు తల తిప్పాలనిపించేలా ఏదైనా పెట్టండి, కదిలేది, రంగున్నది, ఆయనకి ఇష్టమైనది అయితే మరీ మంచిది అంది.

టీవీ అటు మార్చి చూశాం. వార్తలు చూసి బీపీ పెంచుకోవడం తప్ప లాభం లేకపోయింది. మామయ్యగారిది కైకలూరు దగ్గర పల్లె, కొల్లేటి గాలి పీల్చి పెరిగిన మనిషి. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేరి, రిటైరయ్యేదాకా కృష్ణా కాలవ గట్ల మీద సైకిలు తొక్కారు. నీళ్లూ చేపలూ తప్ప ఆయనకి ఇంకేం నచ్చుతుంది? చేపల తొట్టి పెడదామన్నది మావారే. మంచానికి ఎడమవైపు, గోడ వారగా, పడుకున్నా కనిపించే ఎత్తులో, అయిదడుగుల పొడవున. చిన్న గిన్నెలో రెండు చేపలేస్తే తల తిప్పరు, తిప్పినా ఒక్కచోటే చూసి వదిలేస్తారు. చేప ఈ చివర నుంచి ఆ చివరికి పోతుంటే చూపు దాని వెంట పోవాలని మా ఆశ.

అత్తయ్యగారి అభ్యంతరం వేరు. "కార్తీకమాసం వచ్చేవేళకి ఇంట్లోకి చేపలా?" అన్నారు. తినడానికి కాదత్తయ్యా, చూడ్డానికి అన్నాను. "మీ మామయ్య చూసి ఊరుకునే రకమేనా" అన్నారు.

నేను టేపు పెట్టి కొలిచాను. మంచానికీ తొట్టికీ మధ్య మిగిలేది రెండున్నర అడుగులు. లేచి పరిగెత్తలేని మనిషి పక్కన, రెండున్నర అడుగుల దూరంలో, నాలుగొందల లీటర్ల నీళ్లు. లీటరంటే కిలో. ఆ లెక్క బుర్రలోకి ఎక్కాక రంగురంగుల లైట్లు, ప్లాస్టిక్ కోటలు, బుడగలొదిలే కప్పబొమ్మలు ఏవీ నాకు కనిపించలేదు. ఆ నీళ్లని పట్టి ఉంచేది ఏమిటన్నదే మిగిలింది.

మొదట వెళ్లిన కొట్టులో అయిదడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు తొట్టి సిద్ధంగా ఉంది. "టఫెన్ గ్లాసండీ, సుత్తితో కొట్టినా పగలదు" అన్నాడతను. నిజంగానే పక్కనున్న ముక్క మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి చూపించాడు. మావారి మొహం వెలిగిపోయింది. మగవాళ్లకి సుత్తి దెబ్బకి మించిన రుజువు అక్కర్లేదు కదా. మా చిన్నాడపడుచు కొడుకు, నాలుగేళ్ల గడుగ్గాయి, సెలవులకొస్తే బ్యాటు పట్టుకునే తిరుగుతాడు. వాడి కోసమైనా ఇదే తీసుకోవాలన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. నేనే, రెండు రోజులు ఆగుదామన్నాను.

ఎందుకు ఆగమన్నానో చెప్పాలంటే మా కింది ఫ్లాటు పిన్నిగారి వంటింటికి వెళ్లాలి. రెండేళ్ల కిందట ఒక రాత్రి పదకొండింటికి, వంట అయిపోయి, స్టవ్ తుడిచి, సిలిండర్ కట్టేసి, అందరూ పడుకున్నాక వాళ్లింట్లో ఢామ్మని చప్పుడైంది. వెళ్లి చూస్తే గ్లాస్ టాప్ స్టవ్ పైపలక లేదు. వంటగది నిండా, ఉప్పుడబ్బా వెనక్కీ ఫ్రిజ్ కిందకీ, పటికబెల్లం పలుకుల్లాంటి గాజు. ఎవరూ ముట్టుకోలేదు, ఏదీ దాని మీద పడలేదు. అది కూడా టఫెన్ గ్లాసే. నెల తర్వాత కూడా పిన్నిగారికి పోపుల డబ్బా మూలలో ఒక పలుకు దొరికింది.

ఆ పలక ఎందుకలా పేలిందో అప్పుడు మాకెవరికీ అర్థం కాలేదు. తొట్టి కోసం నలుగురినీ అడిగి, మా బీటెక్ వాడి చేత చదివించుకుని తెలుసుకున్నాను. టఫెన్ చెయ్యాలంటే ముందు మామూలు అద్దాన్ని కావలసిన కొలతకి కోసి, అంచులు నూరి, బెజ్జాలు కావాలంటే అప్పుడే పెట్టేసి, కొలిమిలో 600 డిగ్రీలు దాటేదాకా వేడి చేస్తారు. మెత్తబడబోయే దశలో తీసి రెండు పక్కల నుంచీ గట్టిగా గాలి కొడతారు. పైపొరలు చటుక్కున గట్టిపడిపోతాయి. లోపలిది ఇంకా వేడిగానే ఉంటుంది. అది నింపాదిగా చల్లారుతూ ముడుచుకుందామంటే, అప్పటికే బిగుసుకున్న పైపొరలు చోటివ్వవు. దాంతో పైన ఎప్పటికీ నొక్కుడు, లోపల ఎప్పటికీ లాగుడు. బయటి నుంచి దెబ్బ తగిలితే ఆ నొక్కుడే కాపాడుతుంది, అందుకే మామూలు అద్దానికి నాలుగైదు రెట్ల బలం. కానీ అంచునో మూలనో తగిలిన దెబ్బ ఆ లోపలి లాగుడుదాకా పోయిందా, పలక మొత్తం ఒక్క క్షణంలో పొడిపొడి. గాజు తయారీలో ఇరుక్కున్న నికెల్ సల్ఫైడ్ నలుసొకటి ఏళ్ల తర్వాత ఉబ్బినా అంతే. పైకి నవ్వుతూ లోపల లాక్కుంటూ ఉండే ఉమ్మడి సంసారాలు మీరూ చూసే ఉంటారు, అవి విడిపోయేటప్పుడు కూడా ఇలాగే ఒక్క పూటలో విడిపోతాయి.

టఫెన్ గ్లాసు చెడ్డదని నేననడం లేదు. కారు పక్కద్దాలకీ, బాత్రూం తలుపులకీ అదే కావాలి. పగిలితే కత్తుల్లాంటి పెద్ద పెంకులు కాకుండా చిన్న పలుకులై రాలుతుంది, మనిషి బతుకుతాడు. అయితే కారు తలుపు అద్దం వెనక నాలుగొందల కిలోల నీళ్లు ఉండవు.

మామూలు అద్దం తీరు వేరు. కరిగిన తగరం మీద కరిగిన గాజుని తేల్చి పలకలుగా తీస్తారు. ఇంగ్లండులో పిల్కింగ్టన్ కంపెనీ 1959లో లోకానికి చెప్పిన పద్ధతి ఇది. ఆ పలకని పొడవాటి కొలిమిలో మెల్లమెల్లగా చల్లారుస్తారు, లోపల లాగుడూ నొక్కుడూ మిగలకుండా. మరిగే కాఫీ గాజుగ్లాసులో చటుక్కున పోస్తే ఏమవుతుందో మనకి తెలుసు కనుక, నిదానంగా చల్లార్చడంలోని విలువ వేరే చెప్పక్కర్లేదు. ఈ అద్దానికి దెబ్బ తగిలితే ఎక్కువసార్లు ఒక గీత పడుతుంది. గీత సాగుతుంది, నీళ్లు కారతాయి, నేల తడుస్తుంది. చూసిన వాళ్లం పరిగెత్తి పైపు వేసి నీళ్లు తోడేసే వ్యవధి ఉంటుంది. ఎప్పుడూ ఇలాగే జరుగుతుందని ఎవరూ రాసివ్వరు, పెద్ద దెబ్బకి ఇదీ ఊడి పడుతుంది, పడితే పెంకులు పెద్దవి. అందుకే మందంగా ఉండాలి, వెనక నీళ్ల తోపు తక్కువగా ఉండాలి.

మా అమ్మమ్మ చేతిగాజు పగిలిందంటే ఊరుకునేది కాదు. చిట్లింది అనాలి అనేది. శుభమా అని ఆ మాటెందుకే అని కసిరేది. డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు దీన్ని నేను ఒట్టి చాదస్తం కింద జమకట్టాను. అద్దాల కొట్ల చుట్టూ తిరుగుతుంటే తెలిసింది, ఇవి నిజంగానే వేరువేరు పనులు. చిట్లడం, పగలడం, బీటవారడం, బద్దలవడం. మన భాషలో ఒక్కోదానికి ఒక్కో మాట ఉంది. అద్దానికీ మొహం చూసుకునేదానికీ మాత్రం ఒకటే మాట, గాజుకీ చేతికేసుకునేదానికీ ఒకటే మాట. పేరు పెట్టడంలో పొదుపు చేసిన వాళ్లు పగలడంలో ఎందుకు చెయ్యలేదో ఆలోచించండి. పగిలితే తుడిచే వాళ్లే ఆ మాటలు పుట్టించి ఉంటారని నా అనుమానం.

సరే, ఇంట్లో రెండు పక్షాలయ్యాం. మావారు, బలమైనదే కొనాలంటారు. నేను, ఎంత బలమో కాదు, విరిగేటప్పుడు ఎలా విరుగుతుందో చూడాలంటాను. వాదన మామయ్యగారి మంచం పక్కనే జరుగుతోంది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, నిద్రపోయారనుకున్నాం. "ఒరే, కట్ట తెగడం ఎప్పుడైనా చూశావా?" అన్నారు హఠాత్తుగా మావారితో. "ముందు ఊట వస్తుంది. గట్టు అవతల చెమ్మ. అది కనిపెట్టినవాడికి రాత్రంతా టైముంటుంది, ఇసక బస్తాలు తెచ్చుకోవచ్చు, ఊళ్లో దండోరా వేయించొచ్చు. ఊట లేకుండా గండి పడిందనుకో, ఏ ఇంజినీరూ ఏమీ చెయ్యలేడు. కోడలు చెప్పింది విను."

2024 సెప్టెంబరులో బుడమేరుకి గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఆయన బాగానే ఉన్నారు. టీవీ ముందు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అది గుర్తొచ్చి మావారు ఇంక మాట్లాడలేదు.

ఎత్తు సంగతి కూడా ఆయనే తేల్చారు. "రెండడుగుల ఎత్తెందుకు? తగ్గించండి. నీళ్లకి పొడవు బలం కాదు, ఎత్తే బలం. కట్ట అడుగున ఎందుకంత వెడల్పు వేస్తారనుకున్నారు?" అన్నారు. మనకి తెలిసిన సంగతే, కాకపోతే తొట్టికి అన్వయించుకోం. పైన ట్యాంకు పెద్దదైనా చిన్నదైనా కింది అంతస్తులో కొళాయి జోరుగా వస్తుంది, పై అంతస్తులో సన్నగా వస్తుంది. తేడా అంతా ఎత్తుదే. మావాడు కూర్చుని లెక్కకట్టాడు. అయిదడుగుల పొడవున్న ముందు పలక మీద, రెండడుగుల ఎత్తు నీళ్లుంటే తోపు సుమారు 280 కిలోలు. ఒకటిన్నర అడుగులైతే 160 కిలోలు. ఆరంగుళాలు తగ్గిస్తే దాదాపు సగం భారం దిగిపోయింది. ఎత్తు రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుందట.

ఎత్తు తగ్గించడానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది, అది ఏ లెక్కల్లోనూ రాలేదు. తొట్టి కడిగేది నేను. రెండడుగుల లోతైతే చంకదాకా చెయ్యి ముంచినా అడుగున గులకరాళ్లు అందవు, స్టూలెక్కాలి. కొనేటప్పుడు ఎత్తు చూసి మురిసిపోయే వాళ్లు ఒకరు, స్టూలెక్కి తోమే వాళ్లు ఒకరు కదా మన ఇళ్లల్లో. ఒకటిన్నర అడుగులకి ఖాయం చేశాం. పొడవు 5, వెడల్పు 2. నిండా పోస్తే 425 లీటర్లు, పైన వెలితి ఉంచితే 390.

మధ్యలో ఆక్రిలిక్ ప్రస్తావన కూడా వచ్చింది. గాజు బరువులో సగం కూడా ఉండదు, వెలుతురు బాగా పోనిస్తుంది. ఊళ్లలో చూసే మహా అక్వేరియంల పెద్ద పెద్ద గోడలన్నీ దాంతోనే కడతారు. జపాన్‌లో ఒకినావాలోని చురౌమి అక్వేరియంలో 22.5 మీటర్ల పొడవు, 8.2 మీటర్ల ఎత్తు, 60 సెంటీమీటర్ల మందం పలక ఉందట. కానీ దాన్ని అతికించడం వేరే విద్య, మా ఊళ్లో అది చేతనైన వాళ్లెవరూ మాకు తగల్లేదు. పైగా గీతలు. పాచి గీకడానికి ఏదైనా కాస్త గరుకుది తగిలితే చాలు. నా వంటింట్లో నాన్‌స్టిక్ పెనానికి ఏ గతి పట్టిందో తెలిసిన దాన్ని, ఆ పని నా చేతులకి అప్పగించదలచుకోలేదు. 2022 డిసెంబరు 16న తెల్లవారుజామున బెర్లిన్‌లో ఒక హోటల్ లాబీలో ఉన్న గుండ్రటి అక్వేరియం ఒక్కసారిగా బద్దలై 10 లక్షల లీటర్ల నీళ్లు రోడ్డు మీదికి వచ్చాయి, సుమారు 1,500 చేపలున్న తొట్టి అది. ఆ వీడియో మావాడు అత్తయ్యగారికి చూపించాడు. అది ఆక్రిలిక్కే. మా తొట్టితో దానికి పోలికేమీ లేదు, అయినా అత్తయ్యగారి ముందు ఆక్రిలిక్ పేరెత్తే వీలు లేకుండా పోయింది.

కార్ల ముందద్దంలా మధ్యలో పొర పెట్టి రెండు పలకలు అతికించిన లామినేటెడ్ అద్దం నాకు ఆశ పెట్టింది. పగిలినా పొర పట్టుకుని ఉంటుంది కదా. కానీ రోజుల తరబడి అంచు తడిలో ఉంటే ఆ పొర తెల్లబారి, విడిపోయే గుణం ఉందట. సిలికాన్ పట్టు కూడా లోపలి పలకకే. వద్దనుకున్నాం.

ఇంక మిగిలింది రంగు. అద్దాన్ని అంచు వైపు నుంచి చూడండి, ఆకుపచ్చగా ఉంటుంది. ఇసకలో ఉండే ఇనుము వల్ల వచ్చే రంగది. సన్నటి కిటికీ అద్దంలో తెలియదు, మందం పెరిగేకొద్దీ బయటపడుతుంది. ఇనుము తగ్గించి చేసిన దాన్ని ఎక్స్‌ట్రా క్లియర్ అంటారు. కొట్టులో రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి వెనక తెల్ల కాగితం పట్టుకుంటే తేడా నాకే తెలిసింది, ఒకటి పాచినీళ్లలోంచి చూసినట్టు, ఒకటి అడ్డమే లేనట్టు. ధర దాదాపు రెట్టింపు చెప్పారు. మామయ్యగారు చూసేది ఒక్క ముందు పలకలోంచే. వెనక గోడ, పక్కన బీరువా. కాబట్టి ముందుది మాత్రం ఎక్స్‌ట్రా క్లియర్, తక్కినవి మామూలువి. అందరూ తలా ఒకటీ అనుకుని గుంజాటన పడ్డాక ఇంట్లో ఒక్క మాట మీద తేలిన విషయం ఇదొక్కటే.

మందం పదా, పన్నెండా అన్నారు. పైన నాలుగు వైపులా మూడంగుళాల అద్దం పట్టీలు వేసి, మధ్యలో ఒక అడ్డపట్టీ వేస్తే ఈ ఎత్తుకి 10 మిల్లీమీటర్లు సరిపోతుంది. మావాడి లెక్కా అదే చెప్పింది. పట్టీలు ఉంచి, 12 వెయ్యమన్నాను. అన్నం వండేటప్పుడు అనుకోని చుట్టానికని ఒక గుప్పెడు ఎక్కువ పోస్తాం కదా, ఆ లెక్క. బ్యాటు పట్టుకున్న చుట్టం ఉన్నాడు మరి.

వన్‌టౌన్‌లో అద్దాల కొట్టుకి నేనే వెళ్లాను. కోసేటప్పుడు అక్కడే నిలబడ్డాను. ఇది వాళ్లని అనుమానించడం కాదు. టఫెన్ అద్దాన్ని కొయ్యడం ఎవరి వల్లా కాదు, కట్టర్ పెడితే పొడి అయిపోతుంది. అంటే మన కళ్ల ముందు కోసిన పలక ఖచ్చితంగా మామూలు అద్దమే. ఆ కోత చూడ్డం భలే ఉంటుంది. స్కేలు పెట్టి ఒక్క గీత, సన్నగా కీచుమని చప్పుడు, తర్వాత బల్ల అంచుకి జరిపి చిన్నగా వంచితే టక్కుమని రెండు. గీత దారినే విరుగుతుంది. ఆ కుర్రాడి చేతికి గ్లౌజులు లేవు, వేళ్ల నిండా పాత గీతలు. అడిగితే "అలవాటేనమ్మా" అన్నాడు.

అంచులు నూరాక ఒక్కో పలకనీ వెలుతురులో పెట్టి, గుడ్డతో అంచు మీద వేలు నడిపాను. అయిదింటిలో ఒకదానికి, వెనక పలకకి, కింది మూలలో బియ్యపుగింజంత పెచ్చు లేచి ఉంది.

"ఇది మార్చండి" అన్నాను.

"అమ్మా, అది సిలికాన్ లోపలికి పోతుంది. పైకి కనిపించదు" అన్నాడు కొట్టాయన.

"కనిపించదనే మార్చమంటున్నా."

"వెనక పలకమ్మా అది, గోడవైపు ఉంటుంది."

"నీళ్లకి ముందూ వెనకా తెలుసా బాబూ?"

ఆయన పక్కనున్న కుర్రాడి వైపు చూశాడు. కుర్రాడు తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు. గీతలన్నీ అలాంటి పెచ్చు దగ్గరే మొదలవుతాయి, ఆ సంగతి వాళ్లకి నాకన్నా బాగా తెలుసు. ఇంకో పలక కోశారు. దాని డబ్బులు అడగలేదు, పోనీ సగం తీసుకోండంటే వద్దన్నారు. పెద్దమనిషే.

పలకలు విడివిడిగా మూడో అంతస్తుకి తెచ్చి, బాల్కనీలో అతికించారు. అక్వేరియంల కోసం అమ్మే సిలికానే వాడాలి. బాత్రూం అతుకులకి బూజు పట్టకుండా మందు కలిపినవి ఉంటాయి, అవి చేపలకి విషం. ఆరేదాకా వెనిగర్ వాసన ఘాటుగా వస్తుంది. వారం రోజులు బాల్కనీ తలుపు వేసే ఉంచాం. బట్టలు మేడ మీద ఆరేసుకున్నాను.

బరువు సంగతి మా పిన్ని కొడుకు చూశాడు, వాడు సివిల్ ఇంజినీరు. మామూలుగా ఇళ్లలో గదుల స్లాబుని చదరపు మీటరుకి 200 కిలోల వాడుక బరువు లెక్కన వేస్తారట. నీళ్లు 390, అద్దం 90 పైన, గులకరాళ్లు, ఇనప స్టాండు కలిపితే ఆరొందల కిలోల దాకా తేలింది. అంత బరువు గది మధ్యలో పెట్టకూడదన్నాడు. గోడ వారగా, కింద దూలం పోయిన చోట చూపించాడు. మా అదృష్టం, మంచానికి ఎడమవైపు గోడ అదే. స్టాండు మీద ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు పరిచి, మట్టం చూసి, తొట్టిని నలుగురు పట్టుకుని దించారు.

నీళ్లు ఒక్కసారిగా పోయలేదు. రోజుకి నాలుగంగుళాల చొప్పున నాలుగు రోజులు పోశాం. చుట్టూ కింద పాత పేపర్లు పరిచి, పొద్దున్నా సాయంత్రం తడిసాయేమో చూడ్డం అత్తయ్యగారు తన పనిగా తీసుకున్నారు. పేపరు మడత విప్పి, వేలితో నొక్కి, పైకెత్తి వెలుతురులో చూసేవారు, వడియాలు ఎండాయో లేదో చూసినట్టు. ఆ నాలుగు రాత్రులూ మామయ్యగారి మంచం పడగ్గదిలోకి జరిపాం. ఆయన ఒప్పుకోలేదు. "ఊట వస్తే నేనే చెబుతాగా" అన్నారు. అయినా జరిపాం. కరెంటు బోర్డు తొట్టికి కింద కాకుండా, పక్క గోడకి పైన పెట్టించాం, వైరు వెంట నీటిబొట్టు జారినా బోర్డులోకి పోకుండా కింద వంపు వదిలి.

అయిదో రోజు పొద్దున పేపర్లు పొడిగా ఉన్నాయి. పది రోజులు ఫిల్టర్ తిప్పాక చేపలు తెచ్చాం. గోల్డ్‌ఫిష్ అడుగుదామని వెళ్లిన మావారు రోజీ బార్బ్‌లు తొమ్మిదింటిని తెచ్చారు. ఎర్రగా, చురుగ్గా, ఒకచోట నిలవని చేపలు. మామయ్యగారు కుడివైపే చూస్తున్నారు. నేను ఎడమవైపు నిలబడి ఏమీ అనలేదు, మాట్లాడితే నా కోసం కుడివైపు వెతుకుతారని. కాసేపటికి ఒక చేప తొట్టి కుడి చివరికి వచ్చి, తిరిగి వెనక్కి పోయింది. ఆయన తల దాని వెంట కొద్దిగా తిరిగింది.

"పరిగెలే!" అన్నారు.

అవును, ఆ జాతివే. కొల్లేటి కాలవల్లో పరిగెల్ని గుడ్డ పట్టి తెచ్చుకున్న కథలు ఆ సాయంత్రం రెండుసార్లు చెప్పారు. "పులుసుకి చాలవు" అని కూడా అన్నారు. అత్తయ్యగారు నా వైపు చూశారు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, చేపలెన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటుంది. మొదట్లో నాలుగో అయిదో చెప్పేవారు. తొట్టి కుడి సగంలో ఉన్నవే ఆయనకి ఉన్నట్టు. తొమ్మిది అని మేమెవరం చెప్పకూడదని ఆ అమ్మాయి కట్టడి. సంక్రాంతికి ఆరు, ఏడు. ఆదివారం నేను ముందద్దం తుడిచి, టార్చి వేసి సిలికాన్ అంచులు చూస్తుంటే అటే చూస్తూ పడుకుంటారు, ఏదైనా చెమ్మ ఉందా అని అడుగుతారు. లేదు మామయ్యా అంటే సరే అంటారు.

నిన్న ఎనిమిది అన్నారు. తొమ్మిదోది ఫిల్టర్ వెనక దాక్కుంది, అది నాకూ కనిపించలేదు.